మౌలాలికి చేరే మరో పసుపు

ఆర్మూరు, ఆలూరు చేలలో పండే పసుపు వంటిళ్లకు వెళ్తుంది. హైదరాబాద్ మౌలాలి దగ్గర 1971లో వెలసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కూ పసుపురంగు పొడే వస్తుంది. కాకపోతే అది యురేనియం! కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో టన్ను రాయి తవ్వితే దొరికేది అరకిలో కూడా ఉండదు. ఇక్కడ దాన్ని బిళ్లలు చేసి, జిర్కోనియం గొట్టాల్లో కూర్చి రియాక్టర్లకు పంపుతారు. అక్కడ ఖర్చయ్యేది నూటికి ఒక వంతైనా కాదు. వాడేసిన గొట్టాలను తారాపూర్, కల్పాక్కంలలో ముక్కలు కోసి, ఆమ్లంలో కరిగించి, మిగిలిన యురేనియంతోపాటు ప్లుటోనియాన్నీ వేరుచేస్తారు. మందపాటి గోడల వెనుక, మనిషి చెయ్యి తగలకుండా జరగాల్సిన పని. ఖర్చు తడిసి మోపెడు. బయట కొత్త యురేనియం కొనడమే చౌక కదా? చౌకే. 2008 ఒప్పందాల తర్వాత కజకిస్థాన్ నుంచి కొన్నాం కూడా. అయితే అమ్మేవాళ్లు వద్దంటే మనకు మిగిలేది తుమ్మలపల్లె రాయే.