అడుగు పొడిగా నున్నదా?

సోదరీమణులారా! పడవ యింజనును గూర్చి వ్రాయుటకు గృహిణికేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తాతగారు ఇంటివద్దనే అమరమును, భారతమును, కొంత తర్కమును చెప్పిరి. మావారి ఉపాధ్యాయ వృత్తి ననుసరించి యేడు సంవత్సరముల క్రిందట న్యూజీలాండు దేశపు దక్షిణ ద్వీపమునకు వచ్చితిని. ఇచ్చట మాకొక చిన్న జెట్ పడవ కలదు. గడచిన వసంతమున దాని క్రింద కనబడిన యొక తడి మరక మా యింటిని మూడు వారములు కలతపెట్టినది. ఆ కథయే మీకు విన్నవించుచున్నాను.

ముందుగా ఆ పడవ యెట్టిదో చెప్పవలెను. సామాన్యమైన మోటారు పడవకు వెనుక నీటిలో తిరుగు ఱెక్కలుండును. లోతు లేని నదిలో అవి ఱాళ్లకు తగిలి విఱుగును. ఈ దేశపు నదులు మంచుకొండలలో పుట్టి, గులకఱాళ్ల మీద అనేక పాయలుగా చీలి పారును. పెక్కుచోట్ల మోకాలి లోతైనను ఉండదు. ఐరిష్‌మన్ క్రీక్ అను గొఱ్ఱెల క్షేత్రమునకు యజమానియైన విలియం హామిల్టన్ అను నాతడు 1950 తరువాతి సంవత్సరములలో దీనికి ఉపాయము సాధించెను. అడుగునుండి నీటిని లోనికి పీల్చి, పంపుతో బలముగా వెనుకకు చిమ్మినచో ఆ త్రోపుడునకు పడవ ముందుకు దూకును. క్రిందికి పొడుచుకొని వచ్చు ఱెక్క లేదు గనుక జానెడు నీటిలోనైనను పరుగెత్తును. 1960లో ఇట్టి పడవలు అమెరికాలోని కొలరాడో నదికి ఎదురేగినవి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ ఇట్టి పడవలతోనే మన గంగానదిలో సముద్రము వైపునుండి హిమాలయముల దిక్కుగా ప్రయాణించెను. ఆ వార్తను పత్రికలో చదివినట్లు మా మామగారికి నేటికిని జ్ఞాపకము.

మా పడవ అల్యూమినియము రేకుతో చేసినది. ఒకరు వాడి యమ్మినది. మావారు దానిని కొన్నప్పుడు నాకిష్టము లేకపోయెను. ఇంటికి పంపవలసిన సొమ్ము నీటిపాలగుచున్నదని నేనంటిని. సంవత్సరమంతయు పరుల పిల్లలకు చదువు చెప్పువానికి నాలుగు దినముల వినోదము కూడదా యని వారనిరి. ఆ మాట అక్కడ తెగలేదు; అప్పుడప్పుడు తిరిగి లేచుచుండెను.

ఇచ్చట జూన్ మొదలు ఆగస్టు వఱకు చలికాలము. మేముండు కొండనడిమి ప్రదేశమున రాత్రులందు నీరు గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును. చల్లని పెట్టెలో నిండుగా నీరుపోసి పెట్టిన గాజుసీసా పగులుటను మీరు చూచియుందురు. అట్లే యింజను గొట్టములలో గ్రుక్కెడు నీరు నిలిచినను లోహమును సైతము చీల్చగలదు. అందుచేత మే నెలలోనే పడవను ఒడ్డునకు తెచ్చి, మరలన్నియు విప్పి, నీటిని పూర్తిగా వార్చి, కొట్టములో నుంచెదరు. మావారును అట్లే చేసిరని యనుకొంటిని.

సెప్టెంబరులో మామగారు కోనసీమనుండి వచ్చిరి. వారికి డెబ్బదియాఱేండ్లు. అత్తగారు పోయిన తరువాత వారు మాయింటికి వచ్చుట అదియే మొదలు. అక్టోబరు రెండవ వారమున బుధవారమునాడు తిరుగు ప్రయాణము. బాల్యమున గోదావరి పాయను పడవపై దాటి బడికి పోయినవారు గనుక, ఈ నీటిని చిమ్ము పడవ నెక్కవలెనని వారికి మిక్కిలి కోరిక. ప్రయాణమునకు ముందటి ఆదివారము సరస్సునకు పోవుటకు నిశ్చయించితిమి.

అందునకు మూడు వారములకు ముందు, కొట్టములో ఊడ్చుచుండగా పడవ క్రింద అరచేతి వెడల్పున తడి కనబడినది. మావారితో చెప్పితిని. "ఎప్పటిదో వాననీరు, ఎండిపోవును" అనిరి. మామగారు నవ్వి, "అమ్మాయీ! వేసవిలో ఒడ్డున ఎండిన పడవను తిరిగి దింపినప్పుడు నీరు ఊరకమానదు. రెండు దినములు నాననిమ్ము, తానే మానును" అనిరి. వారి మాట కొయ్యపడవ విషయమున నిక్కమే. ఎండిన పలకలు ముడుచుకొని సందులు విడును. నానినపుడు ఉబ్బి సందులు మూసికొనును. కాని రేకు నానదు, ఉబ్బదు. దానిలో నేర్పడిన సందు పెద్దదగునే గాని పూడదు. ఈ మాట పెద్దల యెదుట గట్టిగా చెప్పుటకు జంకితిని. అయినను మనసూరకుండలేదు.

తాతగారు చెప్పిన తర్కములో కార్యమును చూచి కారణము నూహించు మార్గము కలదు. ముందు ప్రత్యక్షము, తరువాత అనుమానము. కావున ప్రత్యక్షమును శుభ్రము చేయవలెనని తలచితిని. పాత మురికి యున్నంత కాలము క్రొత్త మరక యేదో తెలియదు. సబ్బునీటితో పడవ లోపలి అడుగును కడిగి, గుడ్డతో ఒత్తి పొడిచేసి, ఇంజను క్రిందను, పడవ క్రింద నేలమీదను తెల్లని అట్టలు పఱచితిని. ఏ అట్ట యే భాగము క్రిందిదో పెన్సిలుతో గుర్తు పెట్టితిని. మఱునాటి యుదయమున ఇంజను క్రింది యట్టమీద రూపాయంత పచ్చని మరక కనబడెను. వ్రేలితో తాకగా జిగటగా జాఱుచున్నది. చమురు వాసన లేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. పడవలో ఊరు ద్రవములు నాలుగు విధములు. నీటికి రంగు లేదు, జిగట లేదు. చమురు నల్లగానో తేనెరంగుననో యుండి కాగితముపై అంచు వ్యాపించును. పెట్రోలు మరక నిలువదు, ఎగిరిపోవును, దానిని ముక్కుతోనే పట్టవలెను. నాలుగవది ఇంజనును చల్లార్చుటకు లోపల తిరుగు రంగుద్రవము. మా యింజనులో ఈ ద్రవము తన గొట్టములలో తాను తిరుగుచుండును. సరస్సు నీరు వేఱు గొట్టములలో దాని ప్రక్కగా పోవుచు వేడిని తీసికొనును. రెండును కలియవు. ఈ రంగుద్రవములలో పెక్కింటియందు విషముండును. పైగా రుచికి తియ్యగా నుండును. కావున కుక్కలు నాకును, పసివారు నోట పెట్టుకొందురు. ఎన్నడును రుచి చూడరాదు. ఒలికినచో వెంటనే తుడిచి, ఆ గుడ్డను పిల్లలకందకుండ పాఱవేయవలెను. మా తొమ్మిదేండ్ల అమ్మాయిని ఆ దినము మొదలు కొట్టములోనికి ఒంటరిగా పోనీయలేదు.

చుక్క పడిన చోటనే చిల్లి యుండునని తలచుట పొరపాటు. ద్రవము గొట్టము వెంబడి, బద్దె వెంబడి ప్రాకి, పల్లమున చుక్కగా రాలును. మిద్దెయింట వాన కారునపుడు, తడి యొకచోట, పగులొకచోట నుండుట మన మెఱుగమా? కావున తడిసిన భాగములలో అన్నిటికంటె పైనున్నదానిని వెదకవలెను. గొట్టములపై పొడి బియ్యపు పిండిని పలుచగా చల్లితిని. క్రొత్త కుండలో నీరుపోసి పిండి రాచి చెమ్మను కనుగొనుట మా అమ్మమ్మ చేయగా చూచియుంటిని. గంట గడచిన తరువాత రబ్బరు గొట్టము చివర, పట్టీ క్రింద, పిండి ముద్దకట్టెను. చలికి రబ్బరు గట్టిపడి ముడుచుకొనినది, పట్టీ వదులైనది. మావారిని పిలిచి చూపితిని. వారు మాటలాడక ఆ గొట్టమును మార్చి క్రొత్త పట్టీ బిగించిరి.

మఱునాడు పచ్చ మరక లేదు. కాని యింజను నిలిచియున్నపుడు కానరాని ఊట, నడచునపుడు కానరావచ్చును. పడవ ఒడ్డున నున్నపుడు పంపు నీటిని పీల్చజాలదు గనుక తోటగొట్టముతో నీరందింపవలెను. ఇంజను పుస్తకములో చెప్పిన క్రమముననే నీటిని విప్పి, ఆ క్రమముననే కట్టవలెను; తప్పినచో నీరు పొగగొట్టము దారిని ఇంజనులోనికి చొచ్చును. మావారు నడిపిరి, నేను టార్చి పట్టుకొని కూర్చుంటిని. నిమిషమైనను కాకమునుపే, వంపు తిరిగిన యొక గొట్టపు మూలనుండి వెండ్రుకవంటి చీలికగుండ సన్నని నీటిదార చిమ్మెను. దాని క్రిందనే వార్పు మర యొకటి బిగించినది బిగించినట్లే యున్నది. శీతకాలమంతయు దానిలో నీరు నిలిచి, గడ్డకట్టి, గొట్టమును చీల్చినది.

మావారి ముఖము వాడెను. నాకును అప్పుడే జ్ఞాపకము వచ్చెను. మే నెలలో వారు మరలు విప్పుచున్న దినముననే నేను కొట్టము వాకిట నిలిచి, పడవ ఖర్చును గూర్చి మరల వాదము వేసికొంటిని. వారు చేతిలోని స్పానరును పడవైచి, మిగిలిన పని విడిచి లోనికి వచ్చిరి. ఆ మిగిలిన మర యిదియే. తప్పు వారిదని నేననలేదు, నాదని వారనలేదు. క్రొత్త మూల తెప్పించి బిగించుటకు నాలుగు దినములు పట్టెను. ఆ నాలుగు దినములును మేమిద్దఱమును ఒకరితో నొకరు మెత్తగా మాటలాడుకొంటిమి.

ఆదివారము రానేవచ్చుచుండెను. శుక్రవారము సాయంత్రము మావారు పడవను పెట్రోలు బంకునకు కొనిపోయి, తొట్టిని నిండుగ నింపించి తెచ్చిరి. శనివారము ఉదయమున కొట్టము తలుపు తీయగానే నా ముక్కునకు ఘాటు తగిలెను. అట్టలు తెల్లగానే యున్నవి. అమ్మాయి నా వెనుకనే వచ్చి దీపపు మీటపై చేయి వేయబోయెను. "నొక్కవద్దు!" అని యఱచి, దాని చేయి పట్టి బయటికి లాగితిని. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక పడవ అడుగున నీటివలె నిలుచును. మీట నొక్కినపుడు పుట్టు చిన్న నిప్పురవ్వ చాలును. అందుచేతనే ఇట్టి పడవలలో ఇంజనును కదలించుటకు ముందు గాలిమరను నాలుగు నిమిషములైనను త్రిప్పి, మూత తీసి వాసన చూడుమని చెప్పుదురు.

మావారు వచ్చి, "నింపునపుడు రెండు చుక్కలు ఒలికియుండును. గాలి తగిలిన పోవును. నాన్నగారికి రేపొక్కటే దినము" అనిరి. "ఏమండీ! చుక్కలు ఒలికినచో రాత్రి గడచినను ఇంత ఘాటుండునా? ఇది తెలియక నేను మామగారిని గాని అమ్మాయిని గాని దానిలో కూర్చుండబెట్టను" అంటిని. వివాహమైనది మొదలు వారి మాటకు అంత స్పష్టముగా కాదనుట అదియే మొదలు. వారికి కోపము వచ్చినది. మామగారు అరుగుమీదనుండి లేచి వచ్చి, "నాయనా! కోడలు చెప్పినట్లు చూడుము. నేను గోదావరిని చాలసారులే దాటితిని, ఈ సరస్సును దాటకున్న లోటు లేదు" అనిరి.

తలుపులన్నియు తెఱచి చాల సేపు విడిచిన తరువాత వెదకితిమి. తొట్టికి పెట్రోలు పోయు లావు గొట్టము పైభాగమున, చేయి దూరని మూలలో, ఎలుక కొఱికిన పండ్లగాట్లు! చలికాలమున వెచ్చదనమునకై చొచ్చిన యెలుకలు చేసిన పని. ఇన్ని దినములు తొట్టి సగమే యుండుటచేత గాటు వఱకు పెట్రోలు అందలేదు; నిండుగ నింపిన దినముననే బయటపడెను. పాత్ర నిండినగాని దాని మెడలోని చిల్లి తెలియదు గదా!

పెట్రోలునకు తగిన గొట్టము వేఱు, తోటగొట్టము పనికిరాదు. మా చిన్న పట్టణమున దొరకలేదు. వచ్చుటకు పది దినములు పట్టెను. బుధవారము మామగారు వెడలిపోయిరి. అంతకు ముందుదినము సరస్సు ఒడ్డునకు నడిచిపోయి, మోకాలిలోతు చల్లని నీటిలో నిలిచి, దోసిట నీరు తీసికొని అత్తగారిని తలచుకొనిరి. నేను తల త్రిప్పుకొంటిని. ఆ దోసిలి చూచినప్పుడు నేను కాదనుట మంచిదేనా యని ఒక్క క్షణము శంకించితిని. ఎలుక గాటు కన్నులకు కట్టగా శంక పోయినది.

నెలాఖరున పడవను నీటిలోనికి దింపితిమి. అప్పుడును ట్రైలరునకు కట్టియుంచియే సగము తేల్చి, పంపు ఇరుసు లోనికి వచ్చు చోట టార్చితో చూచితిమి. ఒడ్డుననున్నపుడు ఆ చోటు పరీక్షకు అందదు. వెలుపల నీరొత్తినగాని దాని గుణము తెలియదు. పొడిగానే యుండెను. అమ్మాయి కేకలు వేయుచు ఒక చుట్టు తిరిగి వచ్చెను. నేనును ఎక్కితిని. బాగుగానే యున్నదని మావారితో చెప్పితిని, వారు నవ్విరి.

సోదరీమణులారా! మనకు తెలియని యంత్రమని వెనుదీయవద్దు. ముక్కు, వ్రేలు, తెల్లని అట్ట, పిడికెడు పిండి మనవే. అనుమానము కలిగినపుడు ఎవరు నవ్వినను చూచి తీరవలెను. ఇప్పుడు ఈ సంవత్సరము మే నెల రానున్నది. ఈసారి మరలు విప్పునపుడు నేను ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కదానిని కాగితముపై గుర్తు వేసెదను. ఆ దినమున ఖర్చు మాట యెత్తను. మామగారు ఆదివారములయందు ఫోనులో మాటలాడుచుందురు. కుశలప్రశ్నలైన తరువాత తప్పక అడుగుదురు: "అమ్మాయీ! అడుగు పొడిగా నున్నదా?"