మంగళవారం ఉత్తరం

మా చెల్లి రాసిన ఉత్తరాలు అమ్మకి చదివి వినిపించే పని ఏడాదిన్నర పాటు చేశాను. ఉత్తరాలంటే కాగితాలు కాదు, ఈమెయిళ్ళు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ప్రతి సోమవారం కోయంబత్తూరు నుంచి పంపేది. నా దగ్గరున్నది బొత్తాల ఫోను. అందుకని మెయిలు మా ఆయన ఫోనుకి వచ్చేది. ఆ రాత్రి దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుని, మంగళవారం బడి అయ్యాక అమ్మ దగ్గర కూర్చుని చదివేదాన్ని.

అమ్మకి అక్షరం రాదు. నాన్న పోయాక గజపతినగరం సంతలో కూరగాయలమ్మి మా ఇద్దర్నీ చదివించింది. నేను టీచరు ట్రైనింగ్ చేసి అక్కడే ఒక ప్రైవేటు బడిలో చేరాను. అత్తారిల్లు బొండపల్లి మండలంలో. ఆటోలో ఎంతో దూరం కాదు. ఇంకో సంగతి చెప్పాలి. నేను పాఠాలు చెప్పే బడి మా అమ్మ ఇంటికి కూతవేటు దూరం. ఇంటర్వెల్లో నిలబడితే ఆవిడ ఆరేసిన చీర కనిపించేది. అయినా పెళ్ళయిన నాలుగేళ్ళలో బడి నుంచి తిన్నగా ఆటో ఎక్కడమే గానీ, ఆ సందులోకి తిరిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరూ వద్దని గట్టిగా అనలేదు. “మీ అమ్మింటికి ఎల్లొచ్చావేటి?” అని అత్తగారు నెమ్మదిగా అడిగేది, అంతే. ఆ అడగడానికి జవాబు వెతుక్కోవడం కంటే వెళ్ళకపోవడమే సులువనిపించేది.

చెల్లి విశాఖపట్నంలో నర్సింగు చదువుతూ, హాస్టల్ స్నేహితురాలితో ఒక చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. మాది బాప్టిస్టు కుటుంబమే. కనుక చర్చి మాకు కొత్త కాదు, ఈ చర్చి కొత్త. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అంటారు, లోకం మార్మన్లు అంటుంది. ఇది తెలుగు నేలకి చుట్టరికాల దారినే వచ్చిందని చెల్లి చెప్పేది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ అనే హైదరాబాదు దంపతులు ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉండగా అందులో చేరి, 1978 చివర్లో మిషనరీలుగా తిరిగొచ్చి ముందు తమ బంధువులకే చెప్పారట. మార్మన్ గ్రంథాన్ని మొదట తెలుగు చేసింది బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రేనట. ఎక్కడో అమెరికాలో పుట్టిన మతం చివరికి ఒక కూతురు పుట్టింటికి తెచ్చిన మూటలా వచ్చిందన్నమాట.

2017 జనవరిలో చెల్లి తనూ మిషనరీగా వెళ్తానంది. అప్పటికి దానికి 21 ఏళ్ళు. అసలు ఆడపిల్లల కనీస వయసు 21 ఉండేదట, 2012లో 19కి తగ్గించారు. (2025 నవంబరులో 18 చేశారు. మగపిల్లలకి 2012 నుంచే 18!) మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి. టీ, కాఫీ ముట్టకూడదు. ఇంటికి వారానికొక మెయిలు. ఫోను మాత్రం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ, మే నెలలో వచ్చే అమ్మల దినానికీ. ఇదంతా విని అమ్మ అడిగింది ఒక్కటే. “టీ కూడా తాగనివ్వరేటి?”

ఊరు మాత్రం చాలా అడిగింది. ఈడొచ్చిన గుంటని ఊరు కాని ఊరు ఎలా పంపావు, అమ్మతో మాట్లాడనివ్వని చర్చేటి, అని. బడిలో టీచర్లూ అడిగారు. వాళ్ళందరికీ సర్దిచెప్తూ సర్దిచెప్తూ ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. నేను అమ్మతో ఎన్నిసార్లు మాట్లాడుతున్నానని వీళ్ళలో ఒక్కరూ నన్ను అడగరే! చెల్లి వెళ్ళే రోజు దాని గుండెల మీద నల్ల బిళ్ళ పెట్టుకుంది. అందులో సిస్టర్ అని, పక్కన మా నాన్న ఇంటిపేరు. నాకు ఆ ఇంటిపేరు లేదిప్పుడు.

ఇలా మొదలయ్యాయి మంగళవారాలు. “చెల్లి ఉత్తరం వచ్చింది, అమ్మకి చదవాలి” అంటే ఇంట్లో కాదనలేకపోయారు. దేవుడి పని మీద వెళ్ళిన పిల్ల, చదువు రాని తల్లి. దీనికి అడ్డు చెబితే బాగుండదు కదా. నాకు మా అమ్మని చూడాలని ఉంది అన్న మాటకి లేని బలం చెల్లి మెయిలుకి వచ్చింది.

ఉత్తరాలు నిజం చెప్పాలంటే అంత బాగుండేవి కావు. ఎవరింటికి వెళ్ళారో, ఎవరు తలుపు తీయలేదో, జోడీగా ఉన్న ఈశాన్యం అమ్మాయి ఏం వండిందో. ఒకసారి జ్వరం వచ్చిందని రాస్తే ఆ ముక్క నేను చదవలేదు. ఒకసారి వీధిలో ఎవరో తిట్టారని రాస్తే అదీ మింగేశాను. తీసేసిన చోట ఖాళీ ఉండకూడదు కదా, ఏదో ఒకటి కలిపేదాన్ని. “అమ్మా, నీ నడుం నొప్పి ఎలా ఉంది? సంత నుంచి బరువులు మొయ్యకు. రాత్రిపూట ఒక్కదానివే చోడి అంబలి తాగి పడుకుంటున్నావా, అన్నం వండుకో.” అమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వినేది. తర్వాత జవాబు చెప్పేది. నేను రాసుకునేదాన్ని.

“రాయి. నడుం బాగానే ఉంది. నా గురించి బెంగెట్టుకోకు. నీకక్కడ కష్టంగుంటే ఎవులికీ బయపడకు. ఇల్లుంది. నాను తలుపు గడియెయ్యను.”

ఈ మాట దాదాపు ప్రతి వారం చెప్పేది. కోయంబత్తూరులో సంతోషంగా ఉన్న పిల్లకి ఇదెందుకే అనిపించేది. అయినా పంపేదాన్ని.

ఫోన్లు మూడంటే మూడు వచ్చాయి. మొదటిది 2017 మేలో. “అమ్మలకో పండగేటి?” అని అమ్మ నవ్వింది. క్రిస్మస్ ఫోనుకి మా ఆయన కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. అమ్మ అడిగినదల్లా తిన్నావా అనే. మిగతాసేపంతా దాని గొంతు వింటూ ఊరుకుంది.

ఆ రోజుల్లోనే ఒక పుస్తకం గురించి తెలిసింది. మా ఊరికి పైన, రైలెక్కితే కాసేపట్లో వచ్చే బొబ్బిలిలో కెనడా బాప్టిస్టు మిషనరీ మటిల్డా చర్చిల్ చాలా ఏళ్ళుంది, ఆడపిల్లలకి బడి నడిపింది. 1871 నుంచి ఆవిడ రాసినవి కూర్చి 1916లో ‘లెటర్స్ ఫ్రమ్ మై హోమ్ ఇన్ ఇండియా’ అని వేశారు. ఓడల మీద నోవా స్కోషియా చేరిన ఉత్తరాలు ఇవాళ చదువుకోవచ్చు. అదే బొబ్బిలిలో, పక్క తాలూకా నుంచి కోడలిగా వచ్చిన ఆడది తల్లికి ఏం కబురు పెట్టిందో, ఎవరి చేత పెట్టిందో నాకెక్కడా దొరకలేదు.

2018 జులైలో చెల్లి తిరిగొచ్చింది. ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. అమ్మ కూర వడ్డిస్తూ, “నా నడుం గురించి ఎన్నిసార్లు అడిగావే” అంది. చెల్లి తెల్లమొహం వేసింది. నేనెప్పుడు అడిగానంది. నాకు ముద్ద దిగలేదు.

అమ్మ మాత్రం కంగారుపడలేదు. “నాకు తెల్దేటి? అది నా నడుం సంగతెప్పుడడిగింది? అడిగినదానివి నువ్వు,” అంది నాతో. “నీ గొంతు మారిపోయీది అక్కడికొచ్చేసరికి.”

అప్పుడుగానీ నాకు తట్టలేదు. ఆ తలుపు గడియ మాట ఎవరికో.

రాత్రి పక్కలు వేసుకున్నాక చెల్లితో అన్నాను, మీ రూలు మరీ కఠినమే అని. అది కాసేపాగి, “కష్టంగానే ఉండేది అప్పా. కానీ అది నేను సంతకం పెట్టి ఒప్పుకున్నది. ఎప్పటికి అయిపోతుందో తారీకు కూడా ఉంది. నీది ఎవరు రాశారు? ఎప్పటిదాకా?” అంది. నేను జవాబు చెప్పలేదు. దాని మతంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, వాటి మీద దానితో దెబ్బలాడాను కూడా. ఈ మాటకి మాత్రం ఎదురుచెప్పలేకపోయాను.

ఉత్తరాలు ఆగిపోయాయి కనుక మంగళవారాలూ ఆగిపోయాయి. చెల్లికి విశాఖలో ఉద్యోగం వచ్చింది. నేను మళ్ళీ ఇంటర్వెల్లో నిలబడి ఆరేసిన చీర చూడడం మొదలుపెట్టాను. ఆరు నెలలు అలాగే గడిచాయి.

2019 ఫిబ్రవరి 16, శనివారం. చెల్లి ఫోను చేసింది. నిన్నటి నుంచి రూలు మారిపోయిందట, ఇప్పుడు మిషనరీలు వారం వారం ఇంటికి ఫోను చేసుకోవచ్చట, వీడియోలో చూసుకోవచ్చట. “నా టైములో ఇచ్చుంటే బాగుండేది కదప్పా, నీకు చదివే పని తప్పేది” అని నవ్వింది. నేనూ నవ్వాను. చివరి గంట కొట్టారు. ఆటోలు నిలిచే వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి సందులోకి నడిచాను.

అమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు ఏరుతోంది. నా చేతిలో నోటుబుక్కు కోసం చూసింది. లేదు.

“ఇయ్యాల మంగళారం కాదు కదే,” అంది.

“కాదు.”

చేట పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. చీకటి పడేదాకా ఇద్దరం చిక్కుడుకాయలు ఏరాం. ఇంటికెళ్ళాక అత్తగారు ఎప్పటిలాగే నెమ్మదిగా అడిగింది, మీ అమ్మింటికి ఎల్లొచ్చావేటి అని.

వెళ్ళొచ్చానన్నాను.