తీగ మీద చెయ్యి తీస్తే

తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ నా గిటార్ బుద్ధిగా ఉండేది. చెయ్యి తీస్తే చాలు, హెడ్‌ఫోన్స్‌లో గుయ్యిమని మొదలయ్యేది. గిటార్‌ను లాప్‌టాప్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని దాన్ని మళ్లీ డబ్బాలో సర్ది, షాపులో తిరిగిచ్చేద్దామని బిల్లు కూడా వెతికాను.

తొందరపడ్డాను. ఆ మోత ఎక్కడ పుడుతోందో గిటారే చెబుతుంది, అడగాలంతే. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. ఉక్కుతీగ కంపనాన్ని పట్టుకునే ఆ చుట్టే గోడలోని కరెంటు 50 హెర్ట్జ్ మోతనూ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి, ఒకదాని మోత రెండోదాని మోతను చంపేలా చేశాడు. హంబకర్ అదే. నాది సింగిల్ కాయిల్. కూర్చున్నచోటే గిటార్‌ను పక్కకు తిప్పితే మోత తగ్గిందంటే అది పికప్ పట్టింది. తీగ ముట్టుకుంటే తగ్గిందంటే ఎర్త్ సంగతి చూడాలి.

నా మోత తీగ ముట్టుకుంటే తగ్గేదే కదా, అందుకే లాప్‌టాప్ ఛార్జర్ పీకేశాను. మోత ఆగిపోయింది. మీటిన తీగ సన్నబడి సన్నబడి ఆరిపోయే ఆ చివరి అంచు నాకు మొదటిసారి వినిపించింది. దానికోసమే కదా ఇదంతా!

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పాడు. "మూడో కన్నం ఉత్తదే సార్, వెనక ఎర్త్ వైరే లేదు" అన్నాడు. లాప్‌టాప్ అంచు ముట్టుకుంటే అన్నాళ్లూ చేతికి జివ్వుమనడం ఎందుకో అప్పుడు అర్థమైంది. నేలలోకి దారి లేని ఆ కాస్త కరెంటే యూఎస్‌బీ కేబుల్ వెంట ఇంటర్‌ఫేస్‌కీ, అక్కణ్ణుంచి గిటార్‌కీ పాకింది. ఆకుపచ్చ ఎర్త్ వైరు లాగాక ఛార్జర్ పెట్టినా మోత లేదు.

మిగతావి చిన్న సంగతులే. గిటార్ గుచ్చగానే ఇంటర్‌ఫేస్ మీది ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ నొక్కాలి. పికప్‌కు దాదాపు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ పదివేల దగ్గరే ఉంటుంది కాబట్టి స్వరం దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. మీటిన కాసేపటికి శబ్దం వస్తుంటే బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసే శాంపిళ్ల సంఖ్య, తగ్గించాలి. 44,100 శాంపిల్ రేటులో 1024 బఫర్ ఒక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది, అంటే ఆంప్‌ను ఎనిమిది మీటర్ల దూరాన పెట్టి వాయించినట్టు. 128కి తెస్తే మూడే. కంప్యూటర్ తట్టుకోలేక చిటపటలాడితే 256 పెట్టుకోవచ్చు.

మోత పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ వేళ్ల కింద ఉన్నవి లోహపు తీగలు. కొత్త ఇంటర్‌ఫేస్ కొనేముందు సాకెట్లో ఎర్త్ ఉందో లేదో ఒక్కసారి చూపించుకోండి.