వించ్ బండిలో బ్రేకు తొక్కితే రోపు ఆగదు

ఈసారి పోస్టు కాస్త పొడుగు. మాసూళ్ళు మొదలవ్వక ముందే రాయాలని కూర్చున్నాను. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో బండి నడిపే కుర్రాళ్ళ చేత కూడా చదివించండి.

మా ఊళ్ళో అయిదుగురం కలిసి ఒక వించ్ బండి కొందామనుకుంటున్నాం. మన గోదావరి డెల్టాలో దాని అవసరం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. కోతల టైములో వాన పడిందా, ధాన్యం ట్రక్కు చేలోనే దిగబడిపోద్ది. చెరువులకి మేత తెచ్చే వ్యాను గట్టు మీద జారి పక్కకి ఒరుగుద్ది. లాగడానికి ఇంకో ట్రాక్టర్ని దింపితే అదీ దిగబడుద్ది. వించ్ బండి అయితే గట్టి నేల మీద నిలబడి రోపుని మాత్రం చేలోకి పంపిస్తుంది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు చేలల్లో కూడా నీళ్ళు నిలిచిపోయాయి గదా. అప్పుడు పక్క ఊరి కలప అడితి ఆయన తన పాత జీపు పంపించారు. ముందు బంపరు మీద వించ్ ఉంటుంది, దుంగలు లాగడానికి పెట్టించుకున్నది. మావి నాలుగు ట్రక్కుల ధాన్యం దాని వల్లే రోడ్డెక్కింది. ఇప్పుడాయన వయసు మీద పడి అడితి తీసేస్తున్నారు, జీపు అమ్ముతానంటున్నారు.

మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఆటోమేటిక్ కారు నడుపుతాడు. "బాబాయ్, ఇంకా ఆ క్లచ్ బళ్ళేంటి? ఆటోమేటిక్ గేరు బండి చూసి దానికి వించ్ పెట్టిద్దాం. ఇంజను ఆగిపోవడం, క్లచ్ ప్లేటు కాలడం, ఏ గొడవా ఉండదు" అన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. కానీ ఆ ఇంజను ఆగిపోవడమనే దాంట్లోనే అసలు సంగతి ఉంది. అది చెప్పాలనే ఈ పోస్టు.

ముందు ఈ వించ్ ఎలా పని చేస్తుందో చూద్దాం. ఇప్పుడు కొత్త బళ్ళకి ఎక్కువగా పెట్టేది బ్యాటరీ వించ్. దానికి గేరు బాక్సుతో సంబంధం లేదు, బటను నొక్కితే మోటారు తిరుగుద్ది. కాకపోతే కాసేపు లాగాక మోటారు వేడెక్కుద్ది, బ్యాటరీ దిగిపోద్ది. నేను చెప్పేది పాతకాలం మెకానికల్ వించ్. మన ట్రాక్టర్ పీటీవో రోటావేటర్ని తిప్పినట్టే, జీపు ఇంజను ఒక షాఫ్టు ద్వారా వించ్ డ్రమ్ముని తిప్పుద్ది. అప్పుడు ఫోర్ వీల్ వేసే రెండో గేరు బాక్సుని న్యూట్రల్‌లో పెట్టాలి. అంటే ఇంజను బలం చక్రాలకి వెళ్ళదు, డ్రమ్ముకే వెళ్తుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని మీదే ఉంది.

మామూలు గేరు బండిలో రోపు స్పీడు మనం వేసిన గేరుని బట్టి ఉంటుంది. బరువు ఎక్కువైతే ఒకటో గేరు. రోపు వదలాలంటే రివర్సు. ఆపాలంటే క్లచ్ తొక్కడమే, డ్రమ్ము అక్కడికక్కడ ఆగుద్ది. బురద పట్టేసి ట్రక్కు కదలకపోతే ఇంజను గుర్రుగుర్రుమని ఆగిపోద్ది. అది మనకి హెచ్చరిక. 'ఇంక నా వల్ల కాదు, కిందకి దిగి చూడు' అని బండి చెబుతున్నట్టు.

ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు బదులు ఆయిలు నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇక్కడ ఆయిలు తోపుకి అవతలిది తిరుగుద్ది. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ వేరు. అందులో క్లచ్ ప్లేటే ఉంటుంది, మన కాలి బదులు మిషను తొక్కుద్ది. టార్క్ కన్వర్టర్ బండికి మంచి గుణం ఉంది, ఒప్పుకోవాలి. రోపు బిగుసుకునేటప్పుడు కుదుపు ఉండదు, మెత్తగా అందుకుంటుంది. కుదుపే గదా రోపుల్ని తెంపేది.

కానీ ట్రక్కు కదలకపోతే ఆ ఇంజను ఆగదు. అవతల డ్రమ్ము బిగుసుకుపోయినా ఇవతల తిరుగుతూనే ఉంటుంది, పైగా కన్వర్టర్ వల్ల లాగే బలం రెట్టింపు దాకా పెరుగుద్ది. ఆయిలు మరిగిపోద్ది. చప్పుడు చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, రోపు మాత్రం తీగలా బిగిసిపోతా ఉంటుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మన కాలి దగ్గర ఉంది. నేను 1990ల్లో నాలుగేళ్ళు మస్కట్‌లో డ్రైవరుగా చేశాను. ఒకసారి వాగు ఇసకలో దిగిన బండిని లాగి, రోపు చుట్టుకుంటున్నాం. లాగే బండి ఆటోమేటిక్, దానిలో కూర్చున్న కుర్రాడు కొత్తవాడు. హెల్పరు రోపుని చేత్తో సర్దుతున్నాడు. గ్లౌజు రోపులో తగులుకుంది, కేక పెట్టాడు. కుర్రాడు కంగారులో రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేశాడు. ఆటోమేటిక్ నడిపేవాడికి ఆపడమంటే బ్రేకే గదా! చక్రాలు ఎలాగూ ఆగే ఉన్నాయి. డ్రమ్ము తిరుగుతూనే ఉంది. హెల్పరు చెయ్యి లాక్కున్నాడు గానీ గ్లౌజు రోపు కింద నలిగిపోయింది. ఆ గ్లౌజులో చెయ్యి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

క్లచ్ బండి అలవాటున్నవాడు కంగారు పడినా క్లచ్, బ్రేకు రెండూ కలిపి తొక్కుతాడు. ఆ అలవాటే కాపాడుద్ది. ఆటోమేటిక్‌లో వించ్ ఆగాలంటే చేత్తో లివరు న్యూట్రల్‌లోకి తేవాలి, లేదా తాళం తిప్పి ఇంజను ఆపాలి. ఆ క్షణంలో చెయ్యి అక్కడికి వెళ్ళాలంటే ముందు నుంచీ నేర్పి ఉండాలి.

ఇంకో సంగతి. ఆటోమేటిక్‌లో పార్కింగ్‌లో పెడితే బండి కదలదని కుర్రాళ్ళ నమ్మకం. రెండో గేరు బాక్సు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు పార్కింగ్ చక్రాల్ని పట్టుకోదు. మామూలు బండిని గేరులో వదిలినా అంతే. ఏ బండి అయినా హ్యాండ్ బ్రేకు వేసి, టైర్లకి అడ్డంగా రాళ్ళో దిమ్మలో పెట్టాల్సిందే.

ఆటోమేటిక్ తీసుకునేవాళ్ళు లివరుని ఒకటో గేరులోనే ఉంచండి. డి‌లో వదిలేస్తే బరువు తేలికైనప్పుడు అదే పై గేరు వేసుకుని రోపు ఒక్కసారి పరుగెత్తుద్ది. ట్రక్కు కదలకపోతే ఆక్సిలేటరు మీద నుంచి కాలు తీసెయ్యండి.

ఇక రెండింటికీ పనికొచ్చేవి:

షాఫ్టుకి షేర్ పిన్ను ఉండాలి, రోటావేటర్ షేర్ బోల్టు లాంటిదే. బలం మించితే అది తెగి మిగతావాటిని కాపాడుద్ది. మాటిమాటికీ తెగుతోందని దాని బదులు గట్టి బోల్టు బిగించకండి. అప్పుడు తెగేది రోపే. ఆటోమేటిక్‌లో ఇంజను ఆగదు కాబట్టి అక్కడ ఆ పిన్నే మీ ప్రాణం.

డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు ఉంచి మిగతాదే వదలండి. రోపు కింది వరసలో ఉన్నప్పుడే బలం ఎక్కువ, పైవరసలకి వచ్చేకొద్దీ తగ్గుద్ది. బరువు మించితే కప్పీ వేసి రోపుని వెనక్కి తిప్పి కట్టండి. బలం దాదాపు రెట్టింపు, స్పీడు సగం.

బిగిసిన రోపు మధ్యలో తడి గోనెలు కప్పండి. తెగితే కొరడాలా లేవకుండా కాస్త ఆపుద్ది. రోపుని దాటొద్దు, చుట్టుపక్కల ఎవరూ ఉండొద్దు. ముఖ్యంగా పిల్లలు, ఫోన్లో వీడియో తీసేవాళ్ళు.

డ్రైవరు సీటు దిగకూడదు. సైగ చేసేది ఒక్కడే. పదిమంది 'లాగు, ఆపు' అని అరిస్తే డ్రైవరు ఎవరి మాట వినాలి?

మేం అయిదుగురం కూర్చుని ఆ పాత జీపే తీసుకుందామని తేల్చుకున్నాం. ఆటోమేటిక్ చెడ్డదని కాదు. మా ఊళ్ళో ఆ సీట్లో కూర్చునేవాళ్ళందరివీ ట్రాక్టరు నడిపిన కాళ్ళు. కంగారులో ఆ కాళ్ళు క్లచ్ మీదకే పోతాయి. మా అబ్బాయికి మాత్రం ఒక షరతు పెట్టాను. రోపు విప్పేసి, ఖాళీ డ్రమ్ము తిప్పుతూ, నేను కేక పెట్టినప్పుడల్లా యాభైసార్లు ఆపి చూపించాలి. ఆ తర్వాతే బరువుకి రోపు తగిలించేది.

మీ ఊళ్ళో దిగబడ్డ బళ్ళని దేంతో లాగుతున్నారో, షేర్ పిన్నులు ఎక్కడ దొరుకుతున్నాయో కింద రాయండి. మాసూళ్ళకి అందరికీ పనికొస్తాయి.