పెద్దపేగు పోయినా పూట మానొద్దు

మేమిద్దరం అన్నదమ్ములం. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి, ఇంటర్ చదివి, ఇప్పుడు ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో క్లర్కులుగా పనిచేస్తున్నాం. మా ఇద్దరికీ పెద్దపేగు లేదు. ఈ మాట బయటికి చెప్పడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మా బాపుకు దొడ్డికి పోతే రక్తం పడేది. మొలలన్నారు, నాటుమందు తాగించారు. 42 ఏళ్లకే పోయాడు. పెద్దపేగు క్యాన్సరని చివర్లో తెలిసింది. ఇక్కడికొచ్చాక అన్నకూ రక్తం పడింది. కెమెరా గొట్టంతో చూస్తే పేగు లోపల వందల బుడిపెలు. ఎఫ్ఏపీ అనే జబ్బు. ఏపీసీ అనే జన్యువులో లోపం వల్ల వస్తుందని 1991లో కనిపెట్టారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం వచ్చే అవకాశం. వదిలేస్తే క్యాన్సర్ దాదాపు ఖాయం. అందుకే ముందే పేగు తీసేస్తారు. పరీక్షలో తమ్ముడికీ అదే తేలింది. ఇద్దరికీ చిన్నపేగు చివరను సంచిలా కుట్టి కింద కలిపారు.

అసలు కష్టం ఆ తర్వాతే. నీళ్లు, ఉప్పు పీల్చి మలాన్ని గట్టిపరిచేది పెద్దపేగు. అది లేక మొదట్లో రోజుకు పది పన్నెండు సార్లు పోవాల్సి వచ్చేది. ఆఫీసులో అందరి ముందూ మాటిమాటికీ లేవాలంటే సిగ్గేసి, తమ్ముడు పొద్దున తినడం, తాగడం మానేశాడు. ఖాళీ కడుపులో గ్యాసు ఇంకా ఎక్కువైంది. మూడో వారం బస్టాపులో కళ్లు తిరిగి పడ్డాడు. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గాయన్నారు.

అప్పటినుంచి పూట మానలేదు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తింటాం. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు, ఇక్కడ కావలసినంత దొరికే ఆలుగడ్డ విరేచనాన్ని గట్టిపరుస్తాయి. కారం, పులుసు, కాఫీ, బీరు పరుగులు పెట్టిస్తాయి. అవి ఆదివారం కొద్దిగా. రాత్రి తిండి ఏడింటికే ముగిస్తాం. ఉత్త నీళ్లొకటే చాలవు, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ తాగుతాం. డాక్టరు రాసిన లోపరమైడ్ భోజనానికి అరగంట ముందు వేసుకుంటాం. కాగితంతో రుద్దకుండా నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, క్రీము రాస్తాం. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లే. కడుపునొప్పితో వాంతులై, విరేచనం పూర్తిగా ఆగితే మాత్రం పేగు అడ్డుపడి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. సంచిని ఏటా కెమెరాతో చూపించుకోవాలి.

క్యాంపు మిత్రులారా, పదిమందికి ఒక లెట్రిన్ ఉన్నచోట ఇది చెప్పుకోలేని బాధే. గదిలో ఒక్కరికైనా చెప్పండి. మేమూ సూపర్‌వైజర్‌కు చెప్పాకే లెట్రిన్ దగ్గర సీటు దొరికింది. రక్తం పడితే మొలలేనని మీరే తేల్చుకోకండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

అన్న కొడుక్కు 12 ఏళ్లు. వచ్చే నెల వాడికి రక్తపరీక్ష. ఫలితం ఏదైనా, వాళ్ల తాతకు తాగించినట్టు వాడికి మొలల మందు తాగించం.