గౌరీపట్నం నల్లరాతి మీద

రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’లో వ్యోమనౌక దిగే ఆ పాడు చంద్రుడు ఇంగ్లండులోని షెపర్టన్ స్టూడియోలో వేసిన సెట్టింగు. నౌక కాళ్లు కొండంత కనబడాలని స్కాట్ తన పిల్లలకే చిన్న సైజు వ్యోమగామి దుస్తులు తొడిగి వాటి కింద నడిపించాడు. ఆ చంద్రుడికి ఎల్‌వి-426 అన్న పేరు తెర మీద వినబడింది 1986లో, రెండో సినిమాలో. చాలా ఏళ్లకు ‘ప్రొమీథియస్’ కోసం అలాంటిదే ఇంకో చంద్రుడు కావలసి వచ్చింది. ఈసారి సెట్టింగులు చాలక ఐస్‌లాండ్‌లోని హెక్లా అగ్నిపర్వతం దగ్గరికి వెళ్లాడు. ఐస్‌లాండ్ నేల చాలామటుకు బసాల్టు, గడ్డకట్టిన లావా. మా వైపు దాన్ని నల్లరాయి అంటాం. కంకర కొట్టి శ్లాబుల్లో పోస్తాం.

ఆ నల్లరాయిని ఆ కంటితో చూద్దామనే రాజమండ్రి నుంచి బయల్దేరాను. రోడ్డు కం రైలు వంతెన దాటితే కొవ్వూరు. అక్కణ్నుంచి దేవరపల్లి వైపు వెళ్తుంటే వరిచేలు వెనకబడి మెట్ట మొదలవుతుంది. ఎర్రనేల, పొగాకు, జీడిమామిడి. దేవరపల్లి మండలం 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరి, ఇప్పుడు తూర్పు గోదావరి. గోదావరికి పడమటి గట్టున ఉన్న తూర్పు గోదావరి అన్నమాట, మనకు అలవాటైపోయింది. ఈ మండలంలోని గౌరీపట్నం అనగానే చాలామందికి గుర్తొచ్చేది హైవే పక్క గుట్ట మీది నిర్మలగిరి మేరీమాత. నేను వెళ్లింది క్వారీల వైపు.

ఎండ నడినెత్తి మీద ఉంది. క్రషర్ల దుమ్ము చెట్లనీ దారినీ టిప్పర్లనీ ఒకే బూడిదరంగులోకి దించేసింది. క్వారీ అంచున నిలబడితే కిందికి నిట్టనిలువు గోడ, అడుగున మడుగు కట్టిన పచ్చని నీళ్లు. గాలి వేడెక్కి అదురుతోంది. మనిషి కట్టినదేదీ ఆ గోతిలో కనబడలేదు, అడుగున మట్టి ఎత్తుతున్న ఒక్క యంత్రం తప్ప. పైనుంచి అది వేలెడంత ఉంది. స్కాట్ పిల్లలకు దుస్తులు తొడిగి సాధించింది ఇక్కడ ఊరికే దొరుకుతోంది.

“ఆయ్, అంచుకెళ్లకండి బాబుగారూ, రాయి జారుద్ది. మందెట్టారు కూడానూ” అన్నాడు టిప్పరు పక్కన బీడీ కాలుస్తున్న డ్రైవరు. కాసేపటికి పేలింది. మోతకన్నా ముందు కాళ్ల కింద నేల కదిలింది. దుమ్ము అణిగాక, దేనికి వచ్చానో అది కనబడింది. కింద నల్లని పొర, పైన నల్లని పొర, నడుమ తెల్లగా, లేతపసుపుగా సున్నపురాయీ బంకమన్నూ కలిసిన పొర.

ఈ లావా ఇక్కడ పుట్టింది కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల చీలి పొంగినది, పాత నదీ లోయల్లో పడి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి రాజమండ్రి పక్కన సముద్రంలోకి దిగిందని భూవిజ్ఞానుల అంచనా. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చని భూవిజ్ఞాని స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో రాసింది. నది ఒడ్డున నీళ్లు రావడం చూసి పెరిగినవాణ్ని. అదే దారిన నిప్పు రావడం ఊహించుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం ఆ తెల్లపొర. మొదటి లావా చల్లారాక దాని మీదికి సముద్రం, ఉప్పుటేరు నీరు వచ్చాయి. నత్తలు, ఆల్చిప్పలు, ఫొరామినిఫెరాలనే కంటికి ఆనని జీవులు బతికాయి. లక్షల ఏళ్లు గడిచాక రెండో లావా వచ్చి మూతపెట్టింది. రాజమండ్రి క్వారీల్లోని ఈ పొరను ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం పరిశీలించింది. అందులోని ఫొరామినిఫెరాలు రాకాసి బల్లుల్ని తుడిచిపెట్టిన ప్రళయం తర్వాత మిగిలినవి, కొత్తగా పుట్టినవి. కాబట్టి కింది లావా ఆ ప్రళయానికి చాలా దగ్గరలోనే ఆగిందని వాళ్లు తేల్చారు. దోషి ఈ లావానా, మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర పడ్డ గ్రహశకలమా అన్న తగువు ఇంకా నడుస్తోంది. కెల్లర్‌ది లావా పక్షం, ఎక్కువమంది శాస్త్రవేత్తలది గ్రహశకలం పక్షం.

‘ఏలియన్’ చంద్రుడి మీద పొగమంచు కింద గుడ్లు మనిషి కోసం కాచుకుని ఉంటాయి. హారర్ రాసేవాళ్లందరూ చేసే పనే అది, రాతికి కూడా మన మీద పగ అంటగడతారు. అది కొంత ఓదార్పే అంటాను. పగబట్టాలంటే ముందు మనల్ని లెక్కలోకి తీసుకోవాలి కదా. గౌరీపట్నం గోడలో ఆ మర్యాద కూడా లేదు. ఆల్చిప్పల మీదికి లావా రావడానికి కారణం పల్లం ఇటు ఉండటమే.

చందమామలో మనం పిల్లలకు చూపించే కుందేలు కూడా బసాల్టే. ఆ నల్లమచ్చలు పాత లావా మైదానాలు, 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ దిగింది వాటిలో ఒకదాని మీదే. ఇక ఇప్పటికీ మండుతున్న చంద్రుడు కావాలంటే గురుగ్రహం చుట్టూ తిరిగే అయో ఉంది. దాని మీద అగ్నిపర్వతం ఎగజిమ్ముతున్న సంగతి వాయేజర్-1 పంపిన ఫొటోలో లిండా మొరబిటో గుర్తించింది 1979 మార్చిలో. ‘ఏలియన్’ విడుదల అదే ఏడాది మే 25న. స్టూడియోలో అట్టలతో, ప్లాస్టరుతో కట్టిన నరకం తెరకెక్కేలోగా అసలుది దొరికేసింది.

ఈ రాయి గౌరీపట్నంతో ఆగిపోదు. తూర్పుకి వాలుతూ డెల్టా మట్టి కిందికి దిగి, సముద్రం అడుక్కి పోతుంది. చమురు కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో తగిలిన ఈ నల్లరాతి దొంతరకు భూవిజ్ఞానులు పెట్టుకున్న పేరు ‘రాజోలు ఫార్మేషన్’. పైన కొబ్బరితోటలు, పంటకాలవలు ఉన్న ఆ రాజోలే. డ్రైవరుకి ఈ సంగతి చెబితే, “అంత లోతునుంచి కంకరెలా తీత్తారండీ, గిట్టుబాటవదు” అని బండెక్కేశాడు.