నిత్యపౌర్ణమి

సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం క్షామసీమలో ఒక గృహస్థు, లీటరు జలానికి 35 గ్రాముల సముద్రలవణం కలిపి, గాజుతొట్టిలో ప్రవాళజీవులను పోషిస్తున్నాడు. రాత్రివేళ దానిపై నీలి ఎల్‌ఈడీ దీపం వెన్నెలవలె వెలుగుతుంది. ఒకనాడు వృద్ధమాత అడిగింది: "నాయనా, వీటికి అమావాస్య రాదా?"

ఆ ప్రశ్న విచారణీయం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ప్రవాళాలు ఏటా వసంతాంతాన, పౌర్ణమి గడచిన కొన్ని రాత్రులకు, సామూహికంగా బీజవిసర్జనం చేస్తాయి. చంద్రకళల వృద్ధిక్షయాలే వాటికి పంచాంగం. నిండుపున్నమి కాంతి అర లక్స్ కూడా ఉండదు. అంతటి అల్పకాంతిని సైతం గ్రహించే ప్రాణికి నిత్యపౌర్ణమి అనుగ్రహం కాదు, కాలభ్రంశం.

రసాత్మకుడైన సోముడనై ఓషధులను పోషిస్తున్నానని గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడు వచించాడు. ఆ సోముడు క్షీణించే కళలు గలవాడే.

గృహస్థు దీపాన్ని తిథులకు అనుగుణంగా మార్చాడు; అమావాస్యనాడు పూర్తిగా ఆర్పివేస్తున్నాడు.

సాధకులారా! మన చిత్తం కూడా ఎడతెగని వెలుగునే కోరుతుంది. అనుభూతి లేని దినాలను ఈశ్వరుని ఉపేక్షగా తలచి కుంగిపోతుంది. ఈ సీమ రైతుకు ఆ భ్రమ లేదు. వేరుశనగ పూచేది వెలుగులో. కాయ కట్టేది మన్ను క్రింది చీకటిలో.